హోమ్‌స్కూలింగ్ మొదలుపెడుతున్నారా, మొదటి నెల టైంటేబుల్ జోలికి పోకండి

మొదటిరోజే గోడకి టైంటేబుల్ అతికించి తొమ్మిదింటికల్లా పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టకండి, మేం అదే చేశాం, వారం తిరక్కుండానే వాడూ నేనూ ఇద్దరం ఏడుపు మొహాలే. తర్వాత లెక్కలు వంటింట్లోకి మార్చేశా. దోసెల పిండికి గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల బియ్యం, మరి రెండున్నర గ్లాసుల పప్పుకో అంటే వాడే గ్లాసు పట్టుకుని కొలిచి ఏడున్నర అన్నాడు, నిష్పత్తి అనే మాటే నేను ఎత్తలేదు. చిన్నపిల్లలైతే పొద్దున రెండు గంటలు కుదురుగా కూర్చుంటే చాలనే నేనంటా.

స్కూల్ నుంచి టీసీ మాత్రం మర్చిపోకుండా తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. పుస్తకాలు కొనక్కర్లేదు, ఎస్సీఈఆర్టీ (స్టేట్ సిలబస్), ఎన్సీఈఆర్టీ (సీబీఎస్ఈ సిలబస్) పుస్తకాల పీడీఎఫ్‌లు ఫ్రీగానే దొరుకుతాయి. ఇక టెన్త్ సంగతేంటని అందరూ అడుగుతారు (మా అత్తయ్యగారైతే రోజూ), 14 ఏళ్ళు నిండితే ఎన్‌ఐఓఎస్‌లోనో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్) మన స్టేట్ ఓపెన్ స్కూల్లోనో కట్టొచ్చు, ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు, అన్నీ ఒకేసారి రాయాలనేం లేదు.

రోజూ ఏం చెప్పారో తేదీ వేసి రెండు లైన్లు రాసుకోండి, నేను రాయలేదు, మొదటి మూడు నెలలు ఏం చెప్పానో ఇప్పుడు నాకే గుర్తులేదు.