కెమెరా ఆన్ చేసే ముందు: వీడియో చాట్ రూముల్లో జాగ్రత్తలు, బెంగళూరు పీజీల్లో ఉండేవాళ్ళకి

జులై, ఆగస్టు నెలల్లో బెంగళూరు పీజీలు మళ్ళీ నిండుతాయి. అనంతపురం, కర్నూలు, నెల్లూరు, ఖమ్మం నుంచి కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్ళు బ్యాగులతో మారతహళ్ళి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు దిగుతారు. పగలంతా ట్రైనింగ్, సాయంత్రమంతా ట్రాఫిక్. రాత్రి పది దాటాక మాట్లాడటానికి మనిషి ఉండడు. ఇంటికి ఫోన్ చేస్తే "తిన్నావా, ఇంక పడుకో" అంటారు. సరిగ్గా ఆ టైమ్‌లోనే "తెలుగు ఫ్రెండ్స్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారు" అంటూ లైవ్ వీడియో చాట్ రూముల ప్రకటనలు కనిపిస్తాయి.

వెళ్ళొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. కొత్తవాళ్ళతో నాలుగు కబుర్లు చెప్పుకోవడంలో తప్పేముంది? కానీ అర్ధరాత్రి ఒంటిగంటకి, నిద్రపట్టక యాప్ దించుకున్నవాళ్ళకి దాని మంచీచెడూ చూసే ఓపిక ఉండదు. అందుకే ఆ పరిశీలనేదో ఆదివారం మధ్యాహ్నం, కడుపు నిండి బుర్ర స్థిమితంగా ఉన్నప్పుడు చేసుకోండి. నచ్చితేనే రాత్రికి వాడండి.

ముందు అది ఏ రకం ప్లాట్‌ఫామో చూడండి. కొన్నిటిలో బటన్ నొక్కగానే ఎవరో ఒక అపరిచితుడి ముఖం వస్తుంది, నచ్చకపోతే ఇంకొకరు. కొన్నిటిలో ఒక హోస్ట్ రూమ్ నడుపుతుంటే మిగతావాళ్ళు చూస్తూ, డబ్బుతో కొన్న గిఫ్టులు వేస్తూ ఉంటారు. మూడో రకం ఏదో ఒక విషయం మీద పదిమంది చేరే రూములు. వీటికి మోడరేటర్లు, అంటే రూమ్‌ని అదుపులో ఉంచేవాళ్ళు ఉంటారు, ఉంటేనే నిలబడతాయి.

మొదటి రకానికి పేరు తెచ్చింది ఒమెగల్ అనే సైట్. 2009లో మొదలై 2023 నవంబర్‌లో మూతపడింది. పదకొండేళ్ళ వయసులో అక్కడ ఒక నేరస్థుడి చేతికి చిక్కిన అమ్మాయి, పెద్దయ్యాక అమెరికాలో వేసిన కేసు సెటిల్ అయిన సమయంలోనే అది మూతపడింది. ఇక నడపడం ఆర్థికంగానూ మానసికంగానూ తన వల్ల కాదని దాని వ్యవస్థాపకుడే రాశాడు. అక్కడి లోపం అందరికీ తెలిసిందే. పేరు అక్కర్లేదు, నంబర్ అక్కర్లేదు, ఎవరైనా రావచ్చు. అలాంటి చోట తప్పు చేసినవాణ్ణి బయటికి పంపితే ఐదు నిమిషాల్లో మళ్ళీ వస్తాడు. ఇప్పుడు దాన్ని పోలిన పేర్లతో బోలెడు సైట్లు ఉన్నాయి. "రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అన్న మాటని వాళ్ళు సౌకర్యంగా చెప్తారు. నేనైతే ఆ ఒక్క మాట చూసే వెనక్కి వచ్చేస్తాను.

డబ్బు ఎటు పోతోంది?

ప్లాట్‌ఫామ్ మంచిదా కాదా తేల్చడానికి నాకు తెలిసిన సూటి దారి ఇదే. అది దేని మీద సంపాదిస్తోందో చూడండి. నిమిషానికి ఇన్ని కాయిన్లు (రూపాయలిచ్చి యాప్‌లో కొనుక్కునేవి) అని ప్రైవేట్ కాల్‌కి వసూలు చేసే యాప్‌లో అవతల కూర్చున్నవాళ్ళు మీలాగా కాలక్షేపానికి వచ్చినవాళ్ళు కాకపోవచ్చు. ఇలాంటి చాలా యాప్‌లలో హోస్టుల్ని ఏజెన్సీలు కుదురుస్తాయి. మీరు వేసే గిఫ్టులో కొంత హోస్ట్‌కి, కొంత ఏజెన్సీకి, మిగతాది కంపెనీకి వెళ్తుంది. మీరు ఎంత సేపు లైన్‌లో ఉంటే వాళ్ళకి అంత ఆదాయం. "నువ్వు రాకపోతే బోర్ కొడుతుంది" అనే మాట నిజంగా వచ్చిందా, డ్యూటీలో భాగంగా వచ్చిందా అన్నది మీరు తేల్చుకోలేరు. అది వాళ్ళ ఉపాధి, వాళ్ళని తిట్టి లాభం లేదు. మీ జీతం ఎటు పోతోందో మాత్రం మీకు తెలియాలి.

కాయిన్ల ధరలు కావాలనే తికమకగా పెడతారు. కొనే ముందు కాల్‌కులేటర్ తీసి, నిమిషానికి ఎన్ని రూపాయలు పడుతోందో లెక్క కట్టండి. చాలామందికి ఆ లెక్కతోనే మత్తు దిగుతుంది. "మూడు రోజులు ఉచితం" అన్నచోట ఆటోపే, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, పెట్టించుకుంటున్నారేమో చూడండి. ఆటోపేకి ఒకసారి ఒప్పుకున్నాక 15,000 రూపాయల లోపు మొత్తానికి ప్రతి నెలా పిన్ గానీ ఓటీపీ గానీ అడగరు. డబ్బు తీసే ముందురోజు మెసేజ్ వస్తుంది. ప్రమోషన్ మెసేజ్‌ల గుంపులో అది కనిపించకుండా పోతుంది.

తరువాత, ఆ యాప్ ఎక్కడిది? ప్లే స్టోర్‌లో లేకుండా, టెలిగ్రామ్‌లో ఏపీకే ఫైల్‌గా వచ్చేదైతే ఇంక ఆలోచించాల్సింది లేదు, వదిలేయండి. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తో పాటు బిగో లైవ్ కూడా ఉంది. నిషేధించినవాటిని, వాటి నకళ్ళని ఇలా దొడ్డిదారిన దించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. స్టోర్‌లో ఉన్నంత మాత్రాన మంచిదని కూడా కాదు. డేటా సేఫ్టీ అని అక్కడ కనిపించే వివరాలు ఆ కంపెనీ తనంతట తాను రాసుకున్నవే. రివ్యూలలో ఐదు స్టార్లవి పక్కనపెట్టి, కొత్తగా వచ్చిన ఒక్క స్టార్ రివ్యూలు చదవండి. "డబ్బు కట్ అయింది, జవాబు లేదు" అన్న ఫిర్యాదు పదేపదే కనిపిస్తే విషయం అర్థమైనట్టే. మన 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి ప్లాట్‌ఫామ్ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, సంప్రదించే వివరాలు బయటికి చూపించాలి. సైట్ అడుగున అవి లేవంటే, రేపు మీకు కష్టం వస్తే అడగడానికి మనిషి లేడని అర్థం.

మొదటి అరగంట

ఈ అరగంట చూడటానికే, మాట్లాడటానికి కాదు. మీ అసలు గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే పేరూ ఫోటో వాటంతటవే వెళ్ళిపోవచ్చు. కాబట్టి వేరే ఈమెయిల్ తెరవండి. కాంటాక్ట్స్, గ్యాలరీ, లొకేషన్ అడిగితే ఇవ్వకండి. వీడియో చాట్‌కి మీ ఫోన్‌బుక్‌తో పనేంటి? కెమెరా, మైక్‌కి "ఈ ఒక్కసారికే" అన్న అనుమతి చాలు. ఆండ్రాయిడ్ 12, ఆ పైన ఉన్న ఫోన్లలో కెమెరా గానీ మైక్ గానీ పనిచేస్తుంటే స్క్రీన్ పైమూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. రూమ్‌లోంచి బయటికి వచ్చాక కూడా అది వెలుగుతుంటే యాప్ తీసేయండి. లోపలికి వెళ్ళేటప్పుడు కెమెరా మీద చిన్న స్టిక్కర్ అంటించుకోండి. అడగకుండానే కెమెరా ఆన్ చేసే రూములు ఉన్నాయి.

లోపల ఒక్క విషయం గమనించండి. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఎంతసేపటికి బయటికి పంపుతున్నారు? అమ్మాయి రాగానే కామెంట్లు మారిపోతే హోస్ట్ ఆపుతున్నాడా, నవ్వుతున్నాడా? మీరూ ఒకసారి రిపోర్ట్ నొక్కి చూడండి. స్పందన లేని రిపోర్ట్ బటన్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. హోస్టే నవ్వే రూమ్‌లో అమ్మాయిలు ఒక్క నిమిషం కూడా ఉండనక్కర్లేదు.

రూమ్‌లో ఎవరైనా చిన్నపిల్లల్లా అనిపిస్తే వెంటనే బయటికి రండి. వయసు పద్దెనిమిది అని వాళ్ళు నొక్కిన టిక్ మీకు రక్షణ కాదు. పిల్లల అసభ్య దృశ్యాలు ఫోన్‌లో దాచుకోవడం కూడా పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద నేరమే, 2024లో సుప్రీంకోర్టు దీన్ని మరీ స్పష్టం చేసింది. సాక్ష్యం పేరుతో కూడా రికార్డ్ చేయకండి. యూజర్ నేమ్, టైమ్ రాసుకుని ఫిర్యాదు చేయండి.

మీ వెనక ఏం కనిపిస్తోంది

కెమెరా ముందు చేసినదంతా రికార్డ్ అవుతోందనే అనుకోండి. యాప్ స్క్రీన్‌షాట్ ఆపినా, పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీయడాన్ని ఏ యాప్ ఆపుతుంది? పీజీ గదిలో ఇంకో చిక్కు, మీ వెనక మంచం మీద రూమ్మేట్ ఉంటాడు. బట్టలు మార్చుకుంటూ ఉండొచ్చు, ఇంట్లోవాళ్ళతో గొడవపడుతూ ఉండొచ్చు. అతను ఏ రూమ్‌లోనూ చేరలేదు. కాబట్టి గోడకి ఆనుకుని కూర్చోండి, గోడే మీ వెనక ఉండాలి. మెడలో కంపెనీ ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ మీద కంపెనీ స్టిక్కర్, కిటికీలోంచి కనిపించే టెక్ పార్క్ బోర్డు ఉండకూడదు. శబ్దం సంగతి చాలామందికి తట్టదు. మెట్రోలో కూర్చుని మాట్లాడుతుంటే ప్రతి స్టేషన్ పేరూ కన్నడలో, ఇంగ్లీషులో మైక్ పెట్టి మరీ చెప్తుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్ వాడటం గురించి వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇద్దరి మధ్య జరిగే కాల్స్‌లో కొన్నిసార్లు వీడియో నేరుగా ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తుంది, అందువల్ల మీ ఐపీ అడ్రస్, అంటే మీ ఇంటర్నెట్ కనెక్షన్ నంబర్, అవతలివాళ్ళకి తెలియొచ్చు. దానితో ఊరు, ఇంటర్నెట్ కంపెనీ తెలుస్తాయి గానీ ఇంటి నంబర్ తెలియదు. "నీ ఐపీ దొరికింది, ఇంటికి వస్తా" అని బెదిరిస్తే భయపడక్కర్లేదు.

అసలు ప్రమాదం మన మాటల్లోనే ఉంది. వేరే రాష్ట్రంలో తెలుగు వినపడగానే మనకి ప్రాణం లేచొస్తుంది. "అన్నా, ఏ ఊరు?" అంటారు. చెప్తాం. "అవునా, మా అత్తమ్మ వాళ్ళూ అక్కడే! ఏం చేస్తుంటావ్? ఏ కంపెనీ? పీజీ ఎక్కడ?" నాలుగు నిమిషాల్లో మీ చరిత్రంతా వచ్చేస్తుంది. బస్సులో పక్క సీటాయన అడిగినా ఇవే అడుగుతాడు, కాబట్టి అనుమానం రాదు. కానీ ఊరు, కాలేజీ, కంపెనీ కలిపితే లింక్డిన్‌లో మీ పేరు దొరకడానికి ఎంతసేపు? జవాబులు ముందే అనుకుని వెళ్ళండి. ఊరు బదులు జిల్లా చెప్పండి, కంపెనీ బదులు "ఐటీ" అనండి, పీజీ బదులు "ఔటర్ రింగ్ రోడ్ వైపు" అంటే చాలు. మర్యాద తక్కువేమీ కాదు.

"ఇక్కడ నెట్ సరిగ్గా లేదు, వాట్సాప్‌కి రా" అన్నప్పుడు మరీ జాగ్రత్త. నంబర్ ఇస్తే నంబర్ ఒక్కటే పోదు. దాన్ని యూపీఐ యాప్‌లో కొడితే బ్యాంకులో ఉన్న మీ పూర్తి పేరు కనిపిస్తుంది. ప్లాట్‌ఫామ్ దాటించాక రిపోర్ట్ చేయడానికి కూడా దారి ఉండదు. అవతల కనిపించేది లైవ్ మనిషేనా అని అనుమానం వస్తే చెయ్యి ముఖం ముందు ఊపమనండి, మూడు వేళ్ళు చూపించమనండి. ముందే తీసిన వీడియోని కెమెరాలా నడిపించేవాళ్ళు అక్కడ దొరికిపోతారు. చెయ్యి ఊపినంత మాత్రాన మంచివాళ్ళని కాదు, రికార్డింగ్ కాదని మాత్రమే. స్నేహం ముదిరి కలుద్దామంటే పగటిపూట కబ్బన్ పార్కో చర్చ్ స్ట్రీటో, మీరు చెప్పిన చోటే కలవండి. వాళ్ళు చెప్పిన పబ్బుకి వెళ్తే బిల్లు ఎంతవుతుందో మీ చేతిలో ఉండదు.

బెదిరింపు వస్తే

ఇది ఒకే తీరులో నడుస్తుంది. అవతల నగ్నంగా వీడియో కాల్, మీ ముఖంతో కలిపి రికార్డింగ్, వెంటనే మీ ఫేస్‌బుక్ ఫ్రెండ్స్ లిస్ట్ స్క్రీన్‌షాట్, ఆపైన డబ్బు. ఒకసారి ఇస్తే రెండోసారి రేటు పెరుగుతుంది. మర్నాడు "క్రైమ్ బ్రాంచ్ ఆఫీసర్‌ని, మీ మీద కేసు ఉంది" అని యూనిఫామ్‌లో ఇంకొకడు వీడియో కాల్‌లోకి వస్తాడు. అది కూడా ఆ ముఠానే. ఇలా వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామనే డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. వాళ్ళ బెదిరింపంతా మీ ఫేస్‌బుక్ ఫ్రెండ్స్ లిస్ట్ మీదే, అందుకే అది ఎవరికీ కనిపించకుండా ఈ రోజే మార్చుకోండి.

డబ్బు వేయకండి. బతిమాలకండి. చాట్లు, నంబర్, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే బ్లాక్ చేయండి. ముందే చాట్ చెరిపేస్తే పోలీసుల చేతికి ఏమీ ఉండదు. డబ్బు అప్పటికే వెళ్ళిపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టొచ్చు. బెంగళూరులో సైబర్ నేరాల కోసం పోలీస్ స్టేషన్లు విడిగా ఉన్నాయి. కన్నడ రాదని ఆగకండి, ఇంగ్లీషులో రాసి తీసుకెళ్ళండి. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఎక్కడి నేరమైనా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలని 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం చెప్తోంది. అనుమతి లేకుండా ఒకరి రహస్యాంగాల చిత్రం తీసినా పంపినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు. బాధితులు అబ్బాయిలైనా ఇది వర్తిస్తుంది. సిగ్గుపడి ఆగిపోయేది ఎక్కువగా వాళ్ళే కాబట్టి చెప్తున్నాను.

వీడియో బయటికి వస్తుందన్న భయం ఉంటే స్టాప్ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్ అనే ఉచిత సేవ ఉంది. వీడియో మీ ఫోన్‌లోనే ఉంటుంది, దాని గుర్తు లాంటి ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి, అందులో చేరిన సంస్థలు ఆ కోడ్‌కి సరిపోయేదాన్ని అడ్డుకుంటాయి. ఇది పద్దెనిమిది దాటినవాళ్ళకి. రూమ్మేట్ ఒక్కడికైనా చెప్పండి. ఆ రాత్రి ఒంటరిగా ఉండటం మంచిది కాదు.

ఇవన్నీ చూసి ఏ యాప్ మీదా నమ్మకం కుదరకపోతే తెలిసినవాళ్ళతోనే రూమ్ పెట్టుకోండి. గూగుల్ మీట్‌లో ముగ్గురు, ఆపైన ఉంటే గంట వరకు ఉచితం. కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో శుక్రవారం రాత్రికి లింక్ పెట్టి, ఒక్కొక్కరు ఒక కొత్త ఫ్రెండ్‌ని తీసుకురమ్మంటే కొత్త పరిచయాలూ అవుతాయి.

యాప్ వద్దనుకున్నప్పుడు ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు. ముందు యూపీఐ యాప్‌లోకి వెళ్ళి ఆటోపే రద్దు చేయండి, ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్ ఉంటే అదీ ఆపండి. తరువాత యాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ డిలీట్ కోరండి, ఆ ఏర్పాటు ఉండాలని ప్లే స్టోర్ నిబంధన. డిలీట్ అయినట్టు మెయిల్ వచ్చాకే యాప్ తీసేయండి.