బడి పత్రికకు రాద్దాం – 5వ పాఠం: సందేశం అడగకండి

ఈ వారం శీర్షికలు పెట్టడం గురించి చెప్పాల్సి ఉంది. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మీ చుట్టూ పనిచేసే ఒక మనిషితో మాట్లాడి, ఆ మాటలతో వ్యాసం రాయమని నాలుగో పాఠంలో చెప్పాను కదా! మీరు పంపినవన్నీ చదివాక, వాటిలోని ఒక లోపాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లకూడదనిపించింది.

చెన్నైలోని పెరంబూరు, టి.నగర్, అంబత్తూరు, ఎక్కడి నుంచి వచ్చిన వ్యాసమైనా ఒకే అచ్చులో ఉంది. మొదట "మీ పేరేమిటి?", తర్వాత "మీ సొంత ఊరు ఏది?", ఆపైన "ఈ పనిలోకి ఎలా వచ్చారు?", చివర "విద్యార్థులకు మీరిచ్చే సందేశం ఏమిటి?" జవాబులూ అలాగే ఉన్నాయి. బాగా చదువుకోవాలి, పెద్దలను గౌరవించాలి, సమయం వృథా చేయకూడదు. పేరు తీసేస్తే ఆ మాటలు నీళ్ల లారీ డ్రైవరువో, గ్రంథాలయం మేడమ్‌వో, బడిలో గంట కొట్టే తాతవో చెప్పలేం.

లోపం మీ తెలుగులో లేదు. మీరు కలిసిన మనుషులూ మాట్లాడలేనివాళ్లు కారు. లోపమంతా ప్రశ్నలో ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు తమ వీధికి వచ్చే నీళ్ల లారీ డ్రైవరుతో మాట్లాడి పంపిన దానిలోంచి రెండు ప్రశ్నలు చూడండి.

"మీ పని కష్టంగా ఉంటుందా?" "అవునమ్మా, చాలా కష్టం."
"నీటిని పొదుపు చేయాలా?" "తప్పకుండా చేయాలి."

ఈ రెండు జవాబులూ ఆ అమ్మాయికి అడగక ముందే తెలుసు. చదివేవాళ్లకీ తెలుసు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న కోసం ఎండలో లారీ దగ్గర నిలబడాల్సిన అవసరమే లేదు.

ఇక సందేశం సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ వ్యాసాలన్నింటినీ పాడుచేసింది ఇదే. సన్మాన సభల్లో, టీవీ కార్యక్రమాల్లో చివర ఆ ప్రశ్న అడగడం చూసి, అడగకపోతే మర్యాద తప్పినట్టని మీరు అనుకుంటున్నారు. అది అడగ్గానే ఎదుటి మనిషిలో వచ్చే మార్పు ఈసారి గమనించండి. అప్పటిదాకా లారీకి ఆనుకుని, వాల్వు మీద చెయ్యి వేసి మాట్లాడుతున్న మనిషి నిటారుగా నిలబడతాడు. గొంతు మారుతుంది. అంతవరకూ సొంత మాటలు చెప్పినవాడు, ఇప్పుడు ఎవరో పెద్దలు ఎక్కడో చెప్పగా విన్న మాటలు చెబుతాడు. అవి మంచి మాటలే. కానీ అతనివి కావు.

పైగా ఆ ప్రశ్నతో సంభాషణ ముగిసిపోతుంది. సందేశం ఇచ్చాక ఎవరూ "అన్నట్టు, ఒకసారి ఏమైందంటే..." అని మొదలుపెట్టరు. నిజానికి మంచి వ్యాసాలన్నీ ఆ "అన్నట్టు" తర్వాతే పుడతాయి. మీ పత్రిక చదివేది ఎవరో కూడా ఆలోచించండి. మీ తరగతివాళ్లే కదా! ఉదయం ప్రార్థనలో, తరగతిలో, ఇంట్లో రోజంతా హితబోధ వింటూనే ఉంటారు. పత్రికలోనూ అదే కనిపిస్తే పేజీ తిప్పేస్తారు.

"మీ విజయ రహస్యం ఏమిటి?", "మా తరానికి మీరేం చెబుతారు?", "జీవితంలో మీరు నేర్చుకున్న పాఠం ఏమిటి?" ఇవి కూడా వేషం మార్చిన సందేశాలే. సందేశం తప్పనిసరిగా ఉండాలని తమ టీచర్ చెప్పారని ఇద్దరు రాశారు. టీచర్ మాట కాదనకండి, ప్రశ్న మాత్రం మార్చండి: "ఈ పనికి కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదటి రోజు ఏం చెబుతారు?" దీనికి ఏ డ్రైవరూ బాగా చదువుకోమని చెప్పడు. గొట్టం ఎలా పట్టుకోవాలో, ఏ సందులోకి లారీని వెనక్కి తీసుకెళ్లాలో చెబుతాడు.

ఆ అమ్మాయిని మళ్లీ అదే డ్రైవరు దగ్గరికి వెళ్లమన్నాను. ముందు కాసేపు ఏమీ అడగకుండా చూడమన్నాను. రెండోసారి పంపిన దానిలో ఈ పేరా ఉంది:

"2019 వేసవిలో మా వీధికి లారీ రాత్రి పదకొండు దాటాకే వచ్చేదని డ్రైవరు అన్నయ్య చెప్పారు. ఆయన హారన్ కొట్టక ముందే బిందెలు వరుసలో ఉండేవి. ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెలు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అడుగున గోళ్ల రంగుతో ఇంటి నంబరు రాసుకున్నారు. 'నాకు మనుషుల పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. 14వ నంబరు ఇంటి ఆమెకు కాలు విరిగింది. అయినా రోజూ ఆమె బిందె వరుసలో అందరికంటే ముందుండేది. ఎవరు తెచ్చిపెట్టేవారో నేను ఒక్కసారీ చూడలేదు' అన్నారు."

ఇది చదివి చాలాసేపు ఆనందంగా కూర్చున్నాను. మనిషి అదే, లారీ అదే, మారింది ప్రశ్న ఒక్కటే. బోర్లించిన బిందె అడుగున ఎర్రటి అంకె కనిపించి, "ఇదేమిటన్నయ్యా?" అని ఆ అమ్మాయి అడిగింది. తక్కినదంతా ఆయనే చెప్పారు. కంటికి కనిపించిన వస్తువు మీద వేలుపెట్టి అడగండి, మనుషులు కథే చెబుతారు.

వస్తువుతో పాటు వేళ, పని చెడిపోయిన రోజు కూడా పనికొస్తాయి. పూలమ్మే అవ్వను "వ్యాపారం ఎలా ఉంది?" అని అడగకండి. "కోయంబేడు మార్కెట్టుకు ఎన్ని గంటలకు బయల్దేరుతారు? అప్పుడు బస్సు ఉంటుందా? అమ్ముడుపోని పూలు రాత్రి ఏం చేస్తారు?" అని అడగండి. క్యాంటీన్ మాస్టరును ఇడ్లీలు మిగిలిపోయిన రోజు గురించి అడగండి. కాసిమేడు చేపల రేవులో పనిచేసే నాన్న ఉన్న అబ్బాయి ఒకరు మీలో ఉన్నారు. నాన్నగారిని సముద్రం గురించి అడిగి నాలుగు పేజీలు రాశారు. వలకు చిరుగు పడితే ఏ దారంతో, ఎవరు, ఎక్కడ కూర్చుని కుడతారో అడిగితే నాకు ఒక్క పేజీ చాలు. గ్రంథాలయం మేడమ్‌ను ఎవరూ తీసుకోని పుస్తకం చూపించమనండి. గంట కొట్టే తాతను, గంట మరిచిపోయిన రోజు ఉందా అని అడగండి.

ఫోనులో రికార్డు చేయడం నాకు నచ్చదు. రికార్డు అవుతోందన్న ధీమాతో మీరు వినడం మానేస్తారు. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు చాలు. నా పద్ధతి ఒకటి చెబుతాను: వింటున్నప్పుడు మీకే ఆశ్చర్యం కలిగిన వాక్యం పక్కన చుక్క పెట్టండి. ఇంటికి వచ్చాక వ్యాసాన్ని ఆ చుక్క దగ్గర మొదలుపెట్టండి. పేరు, ఊరు తర్వాత ఎక్కడో ఒక చోట ఒదిగిపోతాయి. వాళ్లు తమిళంలో మాట్లాడితే తమిళంలోనే గబగబా రాసుకోండి, తెలుగు చేసేటప్పుడు మాత్రం పుస్తక భాషలోకి ఎత్తకండి. లారీ డ్రైవరు చేత "జలము" అనిపించవద్దు.

ఒక జాగ్రత్త. కృష్ణా నీళ్లు చెన్నైకి 1983లో వచ్చాయని ఆ డ్రైవరు చెప్పారు, అమ్మాయి అలాగే రాసింది. 1983 ఆ నీళ్లు చెన్నైకి ఇవ్వడానికి తెలుగుగంగ ఒప్పందం జరిగిన ఏడాది. ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి కాలువలో నీళ్లు ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి పూండి జలాశయం చేరింది 1996లో. ఆయన అబద్ధం చెప్పలేదు, జ్ఞాపకంలో రెండు సంవత్సరాలు కలిసిపోయాయి. బిందెల మీది నంబర్ల గురించి ఆయన మాటే ప్రమాణం, ఎందుకంటే అది ఆయన కళ్లతో చూసింది. ఊరంతటికీ సంబంధించిన సంవత్సరాలు, అంకెలు మాత్రం మీరు వేరే చోట చూసుకోవాలి. కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో, ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో అడిగితే పుస్తకాలు చూపిస్తారు.

అలా సరిచూసుకున్న సంగతిని వ్యాసం మొదట్లో కుప్పపోయకండి. లారీ రాత్రి పదకొండుకు రావడమేమిటని చదివేవాళ్లకు అనుమానం వచ్చే చోట ఒక్క వాక్యం పెట్టండి: "2019లో నగరానికి నీళ్లిచ్చే నాలుగు పెద్ద జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి; జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించారు." అంతే, మళ్లీ బిందెల దగ్గరికి వచ్చేయండి.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. పోయినసారి కలిసిన మనిషినే మళ్లీ కలవండి, కొత్తవాళ్లు వద్దు. మొదటి పావుగంట ఏమీ అడగకుండా కనిపించిన పదిహేను వస్తువులు రాసుకోండి. వాటిలో ఏడింటి మీద ఏడు ప్రశ్నలు అడగండి. ఆ తర్వాత రెండు వందల యాభై మాటల్లో వ్యాసం రాయండి. ప్రశ్న–జవాబు వరుస వద్దు. గొప్ప, అద్భుతం, నిస్వార్థం, ఆదర్శం అనే మాటలు ఎక్కడా రాకూడదు. ఆ మనిషి సొంత మాటలు కనీసం రెండు వాక్యాలు ఉండాలి, సంవత్సరమో అంకెనో ఒకటి రెండు చోట్ల సరిచూసి ఉండాలి. పంపే ముందు వాళ్లకే చదివి వినిపించండి. ఏ వాక్యమైనా వద్దంటే, అది మీకు ఎంత ఇష్టమైనదైనా తీసేయండి. నోటుపుస్తకం పేజీలు కూడా జతచేయండి, చుక్క ఎక్కడ పెట్టారో చూడాలి. శీర్షిక పెట్టకుండా పంపండి. వచ్చే పాఠంలో ఆ పని మీ వ్యాసాల మీదే చేద్దాం.