పోస్ట్‌మార్టం సీటీ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఊపిరితిత్తులు

చనిపోయినవాళ్ల దేహానికి తీసే సీటీ స్కాన్‌లో పోయిన పాఠంలో తల, మెడ చూశాం. ఈసారి ఛాతీలోకి దిగుదాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బతికున్నవాళ్ల సీటీ చదివిన అలవాటుతో చూస్తే, చనిపోయిన ప్రతి మనిషికీ న్యుమోనియా ఉన్నట్టే కనిపిస్తుంది.

మొదటి రోజుల్లో నేనూ అదే చేశాను. రెండు ఊపిరితిత్తుల వెనక భాగమూ తెల్లగా ఉండటం చూసి ‘రెండు వైపులా న్యుమోనియా’ అని రాసేశాను. నాకు నేర్పిన మేడమ్ ఆ కాగితం చదివి ఒక్కటే అడిగారు: “దేహం ఎటు తిరిగి పడుకుని ఉందమ్మా?” నేను ఆ సంగతే చూడలేదు. ఆ రిపోర్టు అలాగే వెళ్లిపోయి ఉంటే, ‘జ్వరాన్ని పట్టించుకోలేదేమో’ అని ఒక ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి కుమిలిపోయేవాళ్లు. అప్పటినుంచి ఏ స్కాన్ తెరిచినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటాను. మీరూ అలాగే మొదలుపెట్టండి.

గుండె ఆగాక రక్తాన్ని తోసేది ఏదీ ఉండదు. దాని బరువుకు అది కిందికి దిగుతుంది. చర్మం మీద, నేలకు దగ్గరగా ఉన్న వైపు ఊదారంగు మచ్చలు వస్తాయని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. లోపల ఊపిరితిత్తుల్లోనూ అదే జరుగుతుంది. దీన్ని హైపోస్టాసిస్ అంటాం. వెల్లకిలా పడుకోబెట్టిన దేహంలో వీపు వైపు భాగం తెల్లబడుతుంది, ఛాతీ ముందు వైపు నల్లగానే ఉంటుంది. తెరమీద కింద కనిపించేది వీపు అని గుర్తుంచుకోండి. చనిపోయాక ఊపిరి పీల్చడం ఉండదు కాబట్టి డయాఫ్రమ్ (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొర) కూడా పైకి వచ్చేసి ఉంటుంది. దాంతో ఊపిరితిత్తులు చిన్నవై, కింది భాగాలు నొక్కుకుపోయినట్టు ఇంకాస్త తెల్లగా కనిపిస్తాయి. ఇవేవీ జబ్బు కాదు, చావు తర్వాత వచ్చే మార్పులే.

మరి జబ్బును ఎలా పట్టుకోవాలి? లంగ్ విండో (ఊపిరితిత్తులు స్పష్టంగా కనిపించేలా తెరమీద తెలుపు నలుపుల్ని సర్దే అమరిక) పెట్టండి: వెడల్పు 1500, లెవెల్ మైనస్ 600. హాన్స్‌ఫీల్డ్ కొలతలో (ఏ చోటు ఎంత దట్టంగా ఉందో చెప్పే సీటీ అంకెలు) గాలి మైనస్ 1000, నీళ్లు 0. బతికున్న మనిషి నిండుగా గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తి సుమారు మైనస్ 850కీ మైనస్ 700కీ మధ్య ఉంటుంది. ఇప్పుడు ఒకే స్లైస్‌లో (అడ్డంగా కోసినట్టు చూపే ఒక చిత్రంలో) ముందు వైపు, మధ్యలో, వెనక వైపు మూడు చిన్న గుండ్రాలు గీసి కొలవండి. రక్తనాళాల మీద పడకుండా చూసుకోండి. ఉదాహరణకు మైనస్ 750, మైనస్ 600, మైనస్ 400 అని మెట్లు మెట్లుగా పెరుగుతూ వచ్చి, రెండో ఊపిరితిత్తిలోనూ దాదాపు అంతే వస్తే, అది భూమి లాగిన గుర్తు. అలా కాకుండా ముందు వైపు పై లోబ్‌లో (లోబ్ అంటే ఊపిరితిత్తిలో ఒక విభాగం) ఒక్కచోట మైనస్ 100 వచ్చి, దాని చుట్టూ నల్లగా ఉంటే అక్కడ ఆగండి. రక్తం పైకి ఎక్కదు.

తెలుపులో కూడా రకాలున్నాయి. మంచు పట్టిన కిటికీలోంచి చూసినట్టు, తెలుపు వెనక రక్తనాళాల గీతలు ఇంకా కనిపిస్తుంటే అది గ్రౌండ్ గ్లాస్. గీతలు పూర్తిగా మునిగిపోయి, ఆ తెలుపులోంచి శ్వాసనాళాల కొమ్మలు మాత్రం నల్లగా కనిపిస్తే అది గట్టిపడిన ఊపిరితిత్తి. ఇలాంటిది ఒక వైపే ఉండి, లోబ్ అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే న్యుమోనియాను అనుమానించండి. లోబ్ అంచుల్ని పట్టించుకోకుండా విరిగిన పక్కటెముక కిందే ఉంటే, అది దెబ్బ వల్ల కమిలిన చోటు కావచ్చు. ఛాతీ ముందు వైపు రెండు పక్కలా ఎముకలు వరసగా విరిగి ఉంటే, ప్రాణం నిలపడానికి ఎవరైనా సీపీఆర్ చేశారా అని ఫైల్‌లో వెతకండి.

దేహాన్ని బోర్లా పడి ఉండగా కనుగొని, తర్వాత వెల్లకిలా తిప్పి స్కాన్ చేస్తే తెలుపు రెండు చోట్లా ఉండొచ్చు. అందుకే సంఘటన స్థలం ఫొటోలు చూడకుండా ఊపిరితిత్తుల గురించి రాయకండి.

నీళ్లలో దొరికిన దేహాల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. శ్వాసనాళాన్ని అడ్డంగా కోసిన స్లైస్ చూడండి. మామూలుగా నల్లటి గుండ్రంలా ఉండాల్సింది, చిన్న చిన్న బుడగలతో తేనెపట్టు ముక్కలా కనిపిస్తే అది నురగ. ముక్కు చుట్టూ ఉండే సైనస్‌లలో నీళ్లు, ఊపిరితిత్తుల్లో అక్కడక్కడా గ్రౌండ్ గ్లాస్, శ్వాసనాళాల్లో ఇసుకలా మెరిసే తెల్లటి మడ్డి, కడుపులో నీళ్లు కూడా ఉండొచ్చు. ఇవన్నీ కలిసి వస్తే మునిగి చనిపోయారన్న అనుమానం బలపడుతుంది. కానీ గుండె విఫలమై ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మత్తుమందు ఎక్కువై చనిపోయినా నురగ వస్తుంది. చనిపోయాక నీళ్లలో పడినా సైనస్‌లలోకి నీళ్లు చేరతాయి. ఒక్క సీటీ చూసి ‘మునిగి చనిపోయారు’ అని రాసే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

సీటీ నిజంగా కత్తిని మించిపోయేది న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ ఛాతీలో గాలి చేరడం) దగ్గర. ఛాతీ తెరిస్తే అక్కడ చేరిన గాలి ఎవరికీ కనిపించకుండా జారిపోతుంది. స్కాన్‌లో అయితే ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య నల్లటి నెలవంకలా దొరికిపోతుంది. వెల్లకిలా ఉన్న దేహంలో దాన్ని ముందు వైపు వెతకండి. గుండె పక్కకు జరిగి, ఆ వైపు డయాఫ్రమ్ కిందికి నొక్కుకుపోయి ఉంటే ఒత్తిడి పెరిగిన న్యూమోథొరాక్స్ కావచ్చు. అయితే దేహం కుళ్లడం మొదలైతే వాయువు ఎక్కడపడితే అక్కడ చేరుతుంది. లివర్ రక్తనాళాల్లో, గుండె గదుల్లో కూడా గాలి ఉంటే తొందరపడకండి.

సీటీ ఓడిపోయే చోటూ ఉంది. ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడి ప్రాణం తీసిన గడ్డకీ, చనిపోయాక అక్కడే గడ్డకట్టిన రక్తానికీ తేడా మామూలు స్కాన్‌లో నమ్మకంగా చెప్పలేం. అప్పుడు ‘సీటీలో తేలలేదు, శవపరీక్షలో చూడాలి’ అని రాయండి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రిచర్డ్ డిర్న్‌హోఫర్, మైకేల్ థాలి బృందం 1990ల చివర్లో వర్టాప్సీ (స్కాన్‌లతో చేసే శవపరీక్ష) పని మొదలుపెట్టినప్పుడు, స్కాన్ చేసిన దేహాలకు శవపరీక్ష కూడా చేసి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. మీకు వీలున్న ప్రతిసారీ మీ రిపోర్టును శవపరీక్ష ఫలితంతో పోల్చి, ఎక్కడ తేడా వచ్చిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఈ వారం అభ్యాసం: స్కాన్ వెల్లకిలా తీశారు. కుడి ఊపిరితిత్తిలో వెనక వైపు తెలుపు మెట్లు మెట్లుగా ఉంది. ఎడమ ఊపిరితిత్తి మాత్రం ముందు నుంచి వెనక వరకు మొత్తం ఒకేలా తెల్లగా ఉంది. దేహం ఎడమ పక్కకు తిరిగి పడి ఉండగా దొరికిందని ఫైల్‌లో ఉంది. మీరు రాసే మొదటి వాక్యం ఏమిటి? ఇంకా ఏం కొలుస్తారు? జవాబు 5వ పాఠం మొదట్లో చూద్దాం. ఆ తర్వాత రక్తనాళాల్లోకి కాంట్రాస్ట్ (అవి స్కాన్‌లో స్పష్టంగా కనిపించేలా చేసే ద్రవం) ఎక్కించి తీసే స్కాన్ గురించి మొదలుపెడదాం.