వీడియో ఎక్కడం లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

శ్రీరామనవమికి మా ఊళ్ళో బాబాయి చెప్పిన హరికథ ఫోన్‌లో తీశాను. 47 నిమిషాలు, దాదాపు 2.8 జీబీ. ఆ రాత్రే యూట్యూబ్‌లో పెడుతుంటే 62 శాతం దగ్గర ఆగిపోయింది. కంగారులో క్యాన్సిల్ కొట్టి మళ్ళీ మొదలుపెట్టాను. పది శాతం దాటకముందే ఆ రోజు 2 జీబీ డేటా అయిపోయింది. అవతల బాబాయి "ఏరా, ఎక్కిందా?" అని ఫోన్ మీద ఫోన్. అందుకే ఎవరైనా సాయం అడిగితే, ఎక్కడ ఆగిందని ముందు అడుగుతాను. కారణం అక్కడే దొరుకుతుంది.

సున్నా దగ్గరే ఉండిపోతే

చాలాసార్లు తప్పు సెట్టింగ్‌లో ఉంటుంది. యూట్యూబ్ యాప్‌లో వైఫై ఉంటేనే అప్‌లోడ్ చేయమనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే మొబైల్ డేటా మీద వీడియో కదలదు. దాన్ని ఆఫ్ చేయండి. ఫోన్‌లో తేదీ, టైమ్ తప్పుగా ఉన్నా కనెక్షన్ కుదరదు, ఆటోమేటిక్‌లో పెట్టండి. మెమరీ నిండిపోయిందేమో కూడా చూడండి.

యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఇన్‌స్టాగ్రామ్ విషయంలో దయచేసి తొందరపడకండి. డ్రాఫ్ట్‌లు ఫోన్‌లోనే ఉంటాయి, యాప్‌తో పాటే పోతాయి. రాత్రంతా కూర్చుని ఎడిట్ చేసిన రీల్ అలా పోతే ఎంత బాధో! ముందు గ్యాలరీలో సేవ్ చేసుకోండి. క్యాష్ (యాప్ దాచుకునే తాత్కాలిక ఫైళ్ళు) క్లియర్ చేస్తే ఫరవాలేదు, 'క్లియర్ డేటా' మాత్రం నొక్కవద్దు.

మధ్యలో ఆగితే

"సినిమా ఆగకుండా ఆడుతోంది, నెట్ బాగానే ఉంది" అంటారు. అది డౌన్‌లోడ్ వేగం. మన వీడియో వెళ్ళాల్సింది అప్‌లోడ్ దారిలో, అది సాధారణంగా బాగా తక్కువ ఉంటుంది. స్పీడ్ టెస్ట్ చేసి 'అప్‌లోడ్' అని ఉన్న అంకె చూడండి. 2 ఎంబీపీఎస్ వస్తుంటే 1 జీబీ ఎక్కడానికి గంట పైనే పడుతుంది. అంటే ఆగిపోయిందనుకున్నది నెమ్మదిగా నడుస్తూ ఉండొచ్చు. నెట్ పోయి వచ్చినా యూట్యూబ్ ఆగిన చోటి నుంచి కొనసాగించగలదు. క్యాన్సిల్ కొడితేనే కథ మొదటికొస్తుంది. నేను చేసిన తప్పు అదే.

స్క్రీన్ ఆఫ్ అయ్యాక ఆగుతుంటే బ్యాటరీ సేవర్‌ని అనుమానించండి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేసి, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, యాప్ తెరిచే ఉంచండి.

అసలు సైజు తగ్గించడం ఇంకా మంచిది. ఐఫోన్‌లో సెకనుకి 30 ఫ్రేముల (బొమ్మల) 4కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ, అంతకంటే తక్కువ స్పష్టతైన 1080పీ (ఫుల్ హెచ్‌డీ) అయితే 60 ఎంబీ. హరికథకి, వంటకి, పాఠానికి 1080పీ ధారాళంగా సరిపోతుంది.

నూరు శాతం అయ్యాక

వీడియో మసకగా కనిపిస్తే డిలీట్ చేయకండి. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీలో చూపిస్తుంది, హెచ్‌డీ తర్వాత వస్తుంది.

వీడియో పొడవు ఎక్కువైందని యూట్యూబ్ చూపిస్తే, అకౌంట్ వెరిఫై కాలేదన్నమాట. అలాంటి అకౌంట్లకి పరిమితి 15 నిమిషాలు. ఫోన్ నంబర్‌తో వెరిఫై చేసుకుంటే 12 గంటలు లేదా 256 జీబీ, ఏది తక్కువైతే అంతవరకు పెట్టొచ్చు. బాబాయి కోసం కొత్తగా తెరిచిన ఛానల్‌లో చివరికి మాకు అడ్డొచ్చింది ఇదే. ఓటీపీ కొట్టాక తీరిపోయింది.

ఇక కాపీరైట్ మెసేజ్. పందిట్లో మైకులో వినిపించిన సినిమా పాట ఒక్కటి చాలు, అది రావడానికి. టెన్షన్ పడకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే మామూలుగా ప్రకటనల డబ్బు పాట హక్కుదారుకి వెళ్తుంది, కొన్నిసార్లు వీడియో బ్లాక్ అవుతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ ముక్క కత్తిరించొచ్చు, పాట మ్యూట్ చేయొచ్చు. స్ట్రైక్ అంటే హక్కుదారు కోరితే యూట్యూబ్ వీడియో తీసేసి ఛానల్‌కి ఇచ్చే హెచ్చరిక, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 90 రోజుల్లో మూడు వస్తే ఛానలే పోవచ్చు.

ఎక్కింది గానీ బాగా లేకపోతే

పెదాలకీ మాటకీ పొంతన తప్పుతోందా? ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు అనేది) మారుతూ ఉండటం ఒక కారణం. కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మార్చండి. రంగులు తెల్లగా వెలిసిపోతుంటే కెమెరాలో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా పట్టే మోడ్) ఆపి తీయండి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపి పెట్టించుకునేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది, క్వాలిటీ తగ్గదు.

ఇంకో ఫోన్‌లో చివరిదాకా చూసుకునే వరకు ఒరిజినల్‌ని గ్యాలరీలోంచి తీసేయకండి.