తెల్ల రక్తకణాల కల్చర్, 4వ పాఠం: పొర ఎక్కడికి పోయింది?

పోయిన పాఠం చదివి చేసినవాళ్లలో ఎక్కువమందిది ఒకటే గోల: "ఫైకాల్ మీద తెల్ల పొర రాలేదండీ, అంతా కలగాపులగంగా ఉంది." ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద రక్తం పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, మధ్యలో తేలే తెల్లకణాల పొర అన్నమాట. పొరే లేకపోతే ఇంక్యుబేటర్‌లో పెట్టేదేముంది? అందుకే ఈసారి కల్చర్ సంగతి కొంచెమే.

తిప్పడానికి నేను రాసింది 400 జీ (భూమి గురుత్వాకర్షణకు 400 రెట్ల బలం), 30 నిమిషాలు. మీరు పెట్టింది 1500 ఆర్‌పీఎమ్. ఎందుకయ్యా అంటే సీనియర్లు అదే పెడతారట! ఆర్‌పీఎమ్ అంటే రోటర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో, అంతే. కణం మీద పడే బలం వ్యాసార్ధాన్ని బట్టి కూడా మారుతుంది. 0.00001118ని సెంటీమీటర్లలో వ్యాసార్ధంతో, ఆర్‌పీఎమ్ వర్గంతో గుణిస్తే జీ వస్తుంది. 16 సెంటీమీటర్ల రోటర్‌లో 1500 అంటే సుమారు 400 జీ. అదే 1500, 10 సెంటీమీటర్ల చిన్న మెషీన్‌లో 250 జీ మాత్రమే. అక్కడ దాదాపు 1900 పెట్టాలి. వర్గం ఉంది కాబట్టి వేగం రెట్టింపు చేస్తే బలం నాలుగింతలవుతుంది. కొలిచేటప్పుడు ఇరుసు మధ్య నుంచి, బకెట్ అడ్డంగా లేచి ఉన్నట్టు పట్టుకుని, ట్యూబు అడుగు దాకా కొలవండి. మూత దాకా కాదు. నేనైతే ఆ అంకెను మెషీన్ మీదే మార్కర్‌తో రాసేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

సెంట్రిఫ్యూజ్ బ్రేక్ ఆపేయండి, గబుక్కున ఆగితే పొర కలిసిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫైకాల్ వెంటనే వాడొద్దు, 1.077 సాంద్రత గది వేడి దగ్గరి లెక్క.

పొర దక్కినవాళ్లు రెండుసార్లు కడిగి, ట్రిపాన్ బ్లూతో (చచ్చిన కణాలకే పట్టే నీలి రంగు) బతికున్న కణాలు లెక్కపెట్టి, 10 శాతం సీరం కలిపిన ఆర్‌పీఎమ్‌ఐ 1640 అనే పోషక ద్రవంలో (మీడియం) మిల్లీలీటరుకు 10 లక్షల చొప్పున వేయండి. ఈ ఆర్‌పీఎమ్‌ఐ రాస్వెల్ పార్క్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ పేరు, పై గొడవతో చుట్టరికం లేదు. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ మీకు తెలిసిందే.

ఊరికే పెడితే లింఫోసైట్లు (ఆ పొరలోని ఒక రకం తెల్లకణాలు) విభజన చెందవు. పీహెచ్‌ఏ (ఫైటోహీమాగ్లుటినిన్) వేయాలి. అది రాజ్మా గింజల్లోంచి తీసే పదార్థం. ఎర్రకణాలను ముద్దకట్టించి తీసేయడానికి వాడుతుంటే, అదే లింఫోసైట్లను విభజన వైపు నెడుతోందని 1960లో పీటర్ నోవెల్ చూపించాడు. ఒకటి రెండు రోజుల్లో గుత్తులు కడతాయి. ఫంగస్ అనుకుని టెన్షన్ పడి పారబోయకండి, పిపెట్‌తో విడగొట్టకండి. మూడో రోజు ఐఎల్-2 (ఇంటర్‌ల్యూకిన్-2, కణాలను పెంచే ప్రోటీన్) వేస్తే టీ కణాలు అనే రకం లింఫోసైట్లు ఇంకా పెరుగుతాయి. మీడియం పసుపుకు తిరిగితే కొత్తది పోయండి.

అభ్యాసం: ల్యాబ్‌లోని ప్రతి సెంట్రిఫ్యూజ్‌కూ స్కేలు పెట్టి కొలిచి 400 జీకి ఎంత ఆర్‌పీఎమ్మో పట్టిక రాయండి. ఒకే రక్తాన్ని రెండు ట్యూబుల్లో, ఒకటి బ్రేక్‌తో, ఒకటి లేకుండా తిప్పండి. ఆ రెండో దాని కణాలతో కల్చర్ పెట్టి, 7 రోజులు ఒకే వేళకు లెక్కపెట్టండి. ఆదివారం కూడా.