సేవకు పిలుపు వచ్చిందనిపిస్తే: మే నెల కూటాలకు ముందు కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్ దాటితే మా వైపు కూటాల కాలం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సంఘాల్లో వేసవి సెలవులకు యౌవనస్థుల కూటాలు పెడతారు. చివరి రాత్రి ప్రసంగీకులు, "పూర్తికాల సేవకు సమర్పించుకునేవాళ్లు లేచి నిలబడండి" అంటారు. అంటే జీవితాన్ని సంఘం పనికే ఇచ్చేయడం. పిల్లలు నిలబడతారు. వాళ్ల కళ్లలో నీళ్లు నిజమైనవే, అందులో నాకు అనుమానం లేదు. నా భయమంతా ఆ రాత్రికీ, జూన్‌లో బైబిల్ కాలేజీ అడ్మిషన్లకీ మధ్య ఉన్న నాలుగైదు వారాల గురించి. ఆ తొందరలో ఎవర్నీ అడక్కుండా తీసుకున్న నిర్ణయాలు కొన్ని ఇళ్లను ఎలా కుంగదీశాయో చూశాను. మా ఇల్లూ అందులో ఒకటి.

చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ ముదిరితే, "బిడ్డ లేస్తే నీ సేవకే ఇచ్చేస్తాను ప్రభువా" అని మా అమ్మ మొక్కుకుంది. ఆ మాట వింటూనే పెరిగాను. ఇరవయ్యో ఏట కూటంలో నిలబడి, డిగ్రీ రెండో ఏడాది మధ్యలో వదిలేసి, ఒక ట్రైనింగ్‌లో చేరాను. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ వాళ్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ఏడు నెలలకు బయటికి వచ్చేశాను. ఆ కాగితాలు నా చేతికి రావడానికి మరో ఏడాదిన్నర పట్టింది. ఆ రోజుల్లో అమ్మ నా ముఖం చూడలేకపోయేది, నేను అమ్మ ముఖం చూడలేకపోయేవాణ్ని.

అందుకే మొదట చెప్పేది ఇదే. అమ్మ మొక్కు అమ్మది. దాన్ని గౌరవించండి, కానీ దాన్నే మీ పిలుపు అనుకోకండి. బైబిల్లో సమూయేలు తల్లి హన్నా కూడా ఇలాగే మొక్కుకుంది. అయినా దేవుడు సమూయేలును వేరుగా, పేరు పెట్టి పిలిచాడు. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు. మొదటి మూడుసార్లూ ఆ పిల్లవాడు యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు. పిలిచింది ఎవరో పోల్చింది చూపు మందగించిన ఆ ముసలాయనే. దేవుని స్వరం విన్న సమూయేలుకే పక్కన ఒక పెద్దాయన అవసరమైతే, మనకు అవసరం లేదా?

మీ ఏలీ ఎవరో ముందు చూసుకోండి. కూటానికి వచ్చి మర్నాడే వెళ్లిపోయే ప్రసంగీకులు మిమ్మల్ని ఎరగరు. మీ సంఘం పాస్టరు అయ్యగారికి తెలుసు, సండే స్కూలు మీరు ఎన్నిసార్లు ఎగ్గొట్టారో కూడా తెలుసు. ఇంట్లోవాళ్లను అడగండి. సంఘం బయటివాళ్లను కూడా అడగండి. సంఘాన్ని నడిపే అధ్యక్షుడికి బయటివారి దగ్గర మంచి పేరుండాలని, కొత్తగా చేరినవాడు కాకూడదని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. మీకు అరువిచ్చే కిరాణా కొట్టాయన, హాస్టల్లో మీ గదిలో ఉన్నవాడు మీ గురించి ఏమంటారు? వాళ్ల మాట మింగుడుపడకపోయినా వినండి.

తర్వాత పని చూడండి. వేదిక మీది పని వారంలో రెండు మూడు గంటలే. మా అయ్యగారింట్లో ఆదివారం సాయంత్రం ఒకసారి కూర్చుంటే మిగతాది అర్థమవుతుంది. సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు పక్కన తీసి, వారానికోసారి మందిరానికి తెస్తారు. ఒకరిది కోటా బియ్యం, ఒకరిది ఉప్పుడు బియ్యం, ఒకరిది కొత్త బియ్యం. అన్నీ ఒకే డబ్బాలో పడతాయి. అమ్మగారు చాటలో పోసుకుని రాళ్లు ఏరుతూ, ఏ సంచి ఎవరింటిదో, ఆ ఇంట్లో ఈ వారం ఎవరికి జ్వరమో చెబుతుంటారు. ఎంత కనిపెట్టుకుని వండినా ఆ అన్నంలో కొన్ని మెతుకులు చిమిడిపోతాయి, కొన్ని పలుకుగానే ఉండిపోతాయి. ఆ ఇంట్లో రోజూ తినేది అదే. పెళ్లయినవాళ్లయితే ఇది భార్యకు ముందే చూపించండి. రేపు జీతం లేకుండా సగం సేవ ఆమే చేయాలి.

ఈ నేల మీద సేవంటే భాష కూడా. కొండల్లో సవర, కుయి మాట్లాడతారు. కోరాపుట్ వైపు జయపూర్ లూథరన్ సంఘాల్లో ఆరాధన ఒడియాలో జరుగుతుంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరే సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. ఆయన పాస్టరు కాదు. సువార్త పేరు చెప్పుకునే మనం పదేళ్లుగా పక్క ఊరి భాషలో "బాగున్నారా" అని అడగలేకపోతే, ఆ ఊరికి పిలుపుందని ఎలా అనగలం?

చదువు విషయంలో, చేరేముందు మీ సంఘం ఆఫీసుకు వెళ్లి, ఏ డిగ్రీ ఉంటే పాస్టరుగా అభిషేకం ఇస్తారో అడగండి. బెంగాల్‌లోని సెరాంపూర్ కాలేజీకి 1827 నుంచి డిగ్రీలిచ్చే అధికారం ఉంది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, చెన్నైలోని గురుకుల్ లూథరన్ వేదాంత కళాశాల దానికి అనుబంధంగా నడుస్తాయి. డిగ్రీ మధ్యలో ఉన్నవాళ్లు పూర్తిచేసే వెళ్లండి. ఎక్కడ చేరినా ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్సులే ఇవ్వండి. అప్పు చేసి ఫీజు కట్టకండి.

చట్టం కూడా తెలియాలి. ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉంది. 1989 నియమాల ప్రకారం మతం మారాలనుకునేవారు ముందే మేజిస్ట్రేటు ఎదుట డిక్లరేషన్ ఇవ్వాలి. ఆ కార్యక్రమం జరిపించేవారు 15 రోజుల ముందు కలెక్టరుకు తెలియజేయాలి. ఇవి తెలియకుండా ఉత్సాహంతో బాప్తిస్మాలు పెట్టుకుంటే ఇబ్బంది మీ ఒక్కరితో ఆగదు. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడులను మన పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. ఇంట్లోవాళ్లు భయపడితే విశ్వాసం లేదని వాళ్లను తిట్టకండి.

ఇంకోటి, దీని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. రోజుల తరబడి ఉపవాసం, నిద్ర లేకపోవడం, ఆ తర్వాత ఏదో స్వరం అన్నం మానేయమనో ఇల్లు వదలమనో అదే పనిగా చెబుతున్నట్టు వినిపించడం. తమ్ముడైనా చెల్లైనా ఇలా ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థనా చేయండి, మందులూ వేయించండి.

ఆడపిల్లలు ఈ మాటలు మగపిల్లలకే అనుకోవద్దు. 2013లో నంద్యాలలో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) బిషప్‌గా ఒక మహిళ, పుష్పలలిత గారు, అభిషేకం పొందారు. మీ సంఘంలో ఆ దారి ఉందో లేదో ముందే సూటిగా అడగండి.

ఈ మేలో నిలబడాలనిపిస్తే నిలబడండి. ఆ రాత్రి తేదీ వేసి ఒక కాగితం మీద రాసి, మీ అయ్యగారి చేతికివ్వండి. వచ్చే క్రిస్మస్ దాకా దాచమనండి. సోమవారం పొద్దున్నే ఆయనింటికి వెళ్లి, ఈ వారం ఏ ఊళ్లు తిరుగుతున్నారో కనుక్కుని, ఆయన సంచి మీ భుజాన వేసుకుని వెంట నడవండి.