కోహాకు మారుతున్న గ్రంథాలయాలకు కొన్ని జాగ్రత్తలు

కోహా గ్రంథాలయాల జాబితా, సభ్యులు, ఇచ్చిపుచ్చుకోవడాలు చూసే సాఫ్ట్‌వేర్, బాగా నలిగినదే. 2000 జనవరిలో న్యూజిలాండ్‌లోని హొరోవెనువా పబ్లిక్ లైబ్రరీల్లో మొదలై, ఇవాళ మన దేశంలోనూ చాలా గ్రంథాలయాల్లో నడుస్తోంది. లైసెన్సు ఫీజు లేదు. మారేటప్పుడు దెబ్బతినేది మన డేటాయే. అందుకే ఇన్‌స్టాల్ చేయించే ముందు కొన్ని వారాలు రికార్డుల మీద కూర్చోండి.

ముందు తెలుగు పుస్తకాల జాబితా చూడండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన పేర్లు పాత కంప్యూటర్లో చక్కగా కనిపిస్తాయి. కోహాలోకి తెచ్చాక అవే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ అయిపోతాయి. యూనికోడ్‌కి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతికి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. తెలుగు బాగా వచ్చిన మనిషి ఒకరు కూర్చుని ప్రతి పేరూ చదవాల్సిందే. కోహాలో వెతకడానికి సూచిక తయారుచేసే జీబ్రాను, యూనికోడ్ అక్షరాలను సరిగా గుర్తించే ఐసీయూ పద్ధతిలో పెట్టమని కూడా ముందే చెప్పండి. లేకపోతే తెలుగులో వెతికినప్పుడు ఫలితాలు సరిగా రావు.

రచయితల పేర్లు ఇంకో చిక్కు. ఒకచోట శ్రీశ్రీ, ఇంకోచోట శ్రీ శ్రీ, మరోచోట శ్రీరంగం శ్రీనివాసరావు. సాఫ్ట్‌వేర్ లెక్కలో వీళ్లు ముగ్గురు. పేరు ఒకే తీరుగా రాసి, మిగతావాటిని అథారిటీ రికార్డులో, అంటే ఒకే రచయిత పేరు రూపాలన్నీ ఉండే రికార్డులో కలపండి. బీరువాలో ఉన్న పుస్తకాన్ని కంప్యూటర్ లేదంటే ఆ పాఠకుడు మళ్లీ అడగడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

శాఖా గ్రంథాలయాలన్నీ ఒకే సర్వర్ మీదికి వస్తుంటే యాక్సెషన్ నంబర్లు, అంటే పుస్తకం వచ్చినప్పుడు రిజిస్టర్‌లో వేసే వరుస నంబర్లు చూసుకోండి. ఏ శాఖకు ఆ శాఖ 1 నుంచి మొదలుపెట్టి ఉంటుంది, కోహాలో మాత్రం ఒక బార్‌కోడ్ ఒక్క పుస్తకానికే. నంబరు ముందు శాఖ కోడ్ చేర్చండి. స్టిక్కర్ అంటించేటప్పుడు పుస్తకం తెరిచి, లోపలి ముద్ర మీద ఉన్న నంబరుతో సరిచూడండి. గుట్ట పెట్టుకుని గబగబా అంటించుకుంటూ పోతే, ఒక్కటి తప్పితే వెనకున్నవన్నీ తప్పుతాయి. పాత రిజిస్టర్లను ఎవరు చెప్పినా తూకానికి వేయొద్దు, అనుమానం వస్తే తిప్పి చూడాల్సింది వాటినే.

రికార్డులన్నీ ఒకేసారి ఎక్కించకండి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలిపి ఓ రెండు వందలు ఎక్కించి వెతికి చూడండి. తేడా వస్తే ఆ ఇంపోర్టును వెనక్కి తీసే వీలు కోహాలోనే ఉంది. సెలవుల క్యాలెండర్ ముందే నింపండి. మూసి ఉన్న రోజులకూ జరిమానా పడితే కౌంటర్ దగ్గర గొడవ, సిబ్బందికి టెన్షన్. సభ్యుల డిపాజిట్లు క్యాష్‌బుక్‌తో రూపాయి సహా సరిపోవాలి.

ఇక బ్యాకప్. డెబియన్ (ఒక రకం లినక్స్) ప్యాకేజీతో వేసిన కోహా రోజూ బ్యాకప్ తీస్తుంది గానీ, మామూలు సెట్టింగ్‌లో రెండు రోజులవే ఉంచుతుంది, అదీ అదే సర్వర్‌లో. డిస్క్ పోతే అన్నీ పోతాయి. రోజూ ఇంకోచోటికి కాపీ చేయించండి, వేరే కంప్యూటర్ మీద రిస్టోర్ చేయించి కళ్లారా చూడండి. సర్వర్ పాస్‌వర్డులు ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడి ఫోన్‌లో మాత్రమే ఉంటే, అతను ఉద్యోగం మారిన రోజు మీ గ్రంథాలయం ఆగిపోతుంది. చివరి బిల్లు మంజూరు చేసే ముందే వాటిని రాతపూర్వకంగా తీసుకోండి.